లాగ్‌బుక్‌లో సంతకం ఏ రోజు పడాలి?

సంపాదకులకు నమస్కారం.

సెమిస్టర్ ఆఖరి వారం వచ్చిందంటే చాలా నర్సింగ్ కాలేజీల్లో లాగ్‌బుక్కులు, అంటే విద్యార్థులు నేర్చుకున్న పనులు నమోదు చేసే పుస్తకాలు, దొంతర్లుగా ట్యూటర్ల బల్లల మీదికి చేరతాయి. ఆరు నెలల సంతకాలు ఒక్క పూటలో పడిపోతాయి. తేదీలు రకరకాలుగా ఉంటాయి, సిరా మాత్రం ఒక్కటే. పిల్లలు పని నేర్చుకోలేదని మేం అనడం లేదు. చాలామంది బాగానే నేర్చుకుంటారు. ఎవరు ఏది నేర్చుకున్నారో, ఎవరికి ఏది ఇంకా రాలేదో ఆ పుస్తకం చూసి చెప్పలేం. మా ఫిర్యాదు అదే.

నిబంధనల్లో లోటేమీ లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన బి.ఎస్సీ. నర్సింగ్ సవరణ పాఠ్యప్రణాళికలో లాగ్‌బుక్ నమూనా ఉంది. స్కిల్ ల్యాబ్‌లో (బొమ్మల మీద సాధన చేసే గదిలో) చేసిన తేదీ, వార్డులో చేసిన తేదీ వేరువేరుగా వేయాలి. స్వయంగా చేసిందా, సాయపడిందా, చూసిందా అన్నది వేరుగా రాయాలి. విద్యార్థి మూడో స్థాయికి, అంటే పక్కన ఎవరూ లేకుండా చేయగలిగే స్థాయికి వచ్చాకే సంతకం పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. రెండో స్థాయి అంటే ఎవరైనా చూస్తుండగా చేయగలదు. మొదటి స్థాయి అంటే ఎవరైనా చూస్తున్నా ఇంకా చేయడం రాదు. ఒక నైపుణ్యానికి ఒక వరుస, ఒక సంతకం. మొదటి స్థాయి నుంచి మూడో స్థాయికి ఎన్ని ప్రయత్నాల్లో వచ్చింది, మధ్యలో ఎక్కడ తడబడింది అన్నది రాయడానికి ఆ వరుసలో చోటు లేదు. చోటు లేదు కాబట్టి ఎవరూ రాయరు. రాయని దాన్ని చివరి వారం గుర్తు చేసుకుని ఎవరు నింపగలరు?

దీనికి తోడు హాజరు లెక్క ఒకటుంది. ప్రతి ప్రాక్టికల్ విభాగంలో 100 శాతం హాజరుంటే తప్ప డిగ్రీ రాదు. మంచి నియమమే. కానీ అది వార్డులో గడిపిన గంటలను లెక్కపెడుతుంది. ఐసీయూలో ఎనిమిది గంటలు నిలబడి ఒక్క సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) కూడా చేయకుండా రావచ్చు, హాజరు మాత్రం పూర్తిగా పడుతుంది.

అందుకే లాగ్‌బుక్‌కు జతగా రోజువారీ షీటు ఒకటి పెట్టమంటున్నాం. ఒక ప్రొసీజర్‌కు ఒక వరుస చాలు. తేదీ, సమయం, వార్డు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు), చేసిన పని, స్థాయి, ఏం తేడా వచ్చింది, ఎవరు చూశారు, వారి సంతకం. ఇందులో అసలు విలువంతా ‘ఏం తేడా వచ్చింది’ అన్న గడిలోనే ఉంది.

ఐవీ క్యాన్యులా, అంటే మందులు, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. ‘ఐవీ క్యాన్యులేషన్ – చేశాను’ అని రాస్తే ఆ వరుసతో ఎవరికీ ఉపయోగం లేదు. ‘22 సైజు (నీలం), ఎడమ ముంజేయి, రెండో ప్రయత్నం, రక్తం కనిపించింది కానీ క్యాన్యులా లోపలికి పోలేదు’ అని రాస్తే ట్యూటర్‌కు చాలా తెలుస్తుంది. సూది వెనక ఉండే చిన్న చాంబర్‌లో రక్తం కనబడగానే చాలామంది అక్కడే ఆగి క్యాన్యులాను తోసేస్తారు. సూది మొన మాత్రమే నరంలో ఉంటుంది, ప్లాస్టిక్ గొట్టం కొస ఇంకా బయటే ఉంటుంది. రక్తం కనిపించాక కోణం తగ్గించి, సూదితో పాటే మరో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు పోయి, ఆ తర్వాత క్యాన్యులాను జార్చాలి. కోణం తగ్గించకుండా ముందుకు పోతే నరం వెనక గోడ చిల్లు పడి వాపు వస్తుంది. ఇవి రెండూ వేరువేరు పొరపాట్లు, దిద్దే పద్ధతులూ వేరు. ఒకే విద్యార్థి షీటులో మొదటి రకం నాలుగుసార్లు కనబడితే పది నిమిషాల్లో సరిచేయొచ్చు. గడి ఖాళీగా ఉంటే ఆ పొరపాటు ఉద్యోగంలోకి కూడా వెంట వస్తుంది. బయటికి తీసిన సూదిని మళ్లీ అదే క్యాన్యులాలోకి దూర్చడం వంటిది కనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపాలి. ఆ మొన గొట్టాన్ని కోస్తే ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది.

బీపీ అందరికీ వచ్చేసిన పని అనుకుంటాం. లాగ్‌బుక్కుల్లో అన్నిటికంటే ఎక్కువ అబద్ధం దాని దగ్గరే దొరుకుతుంది. మెర్క్యూరీ పరికరమైనా, గడియారం ముఖం లాంటి అనెరాయిడ్ అయినా స్కేలు మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి. రీడింగు సరి సంఖ్య కావాలి. 125/85 అని రాసి ఉంటే అది డిజిటల్ మిషన్‌తో చూసిందైనా కావాలి, ఊహించిందైనా కావాలి. అన్నీ సున్నాతోనే ముగిసినా, పేజీ నిండా 120/80, 110/70, 130/80 మాత్రమే ఉన్నా అదే సంగతి. నిజంగా విన్న చెవికి 118, 126, 74 కూడా వస్తాయి. నేర్పేటప్పుడు క్రమం పట్టించాలి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టడం, చేతికి సరిపోయే కఫ్ ఎంచుకోవడం, దాని అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండేలా కట్టడం, ముందు నాడి పట్టుకుని అది ఆగే అంకె చూడడం, ఆ తర్వాత దానికి 30 పైకి గాలి కొట్టి సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదలడం. నాడి పట్టే మెట్టు మానేస్తే కొందరు రోగుల్లో మధ్యలో శబ్దం ఆగే ఖాళీలో చిక్కుకుని పై అంకెను బాగా తక్కువగా రాస్తారు. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. షీటులో కఫ్ సైజు రాయమనడం అందుకే.

డ్రిప్ లెక్క తరగతిలో అందరూ చేస్తారు, మంచం దగ్గరే తప్పుతుంది. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో పోవాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే 15 చుక్కల సెట్టయితే 31. ఆ అంకె సెట్టు కవరు మీదే ఉంటుంది. కవరు చింపి పారేసి, అలవాటుగా 42 పెట్టేస్తే నాలుగు గంటల సీసా మూడు గంటల్లోనే అయిపోతుంది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఆ తేడా ఊపిరితిత్తుల్లో తెలుస్తుంది. పిల్లల మైక్రో సెట్టు 60 చుక్కలది కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. షీటులో ‘డ్రిప్ సరిచేశాను’ అని కాకుండా సెట్టు అంకె, లెక్క, నిండు నిమిషం లెక్కపెట్టిన చుక్కలు రాయాలి. రోగి చేయి మడిస్తే వేగం మారుతుంది. కాసేపాగి రెండోసారి లెక్కపెట్టిన సమయం కూడా రాస్తే ఇంకా మంచిది.

రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) వేశాక గాలి కొట్టి పొట్ట మీద స్టెత్ పెట్టి ‘శబ్దం వచ్చింది, లోపలే ఉంది’ అనడం మన వార్డుల్లో ఇంకా పోలేదు. ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా ఆ శబ్దం వినిపించవచ్చు. ట్యూబులోంచి లాగిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వం కొలిచే అంకె) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందో లేదో చూడాలి. అనుమానం ఉంటే ఎక్స్‌రే. పీహెచ్ పట్టీలు ట్రాలీ మీద లేవంటే అది విద్యార్థి తప్పు కాదు. కానీ ‘పట్టీ లేదు’ అని షీటులో రాస్తే అది ఆస్పత్రి దృష్టికి వస్తుంది.

ఇక ప్రసూతి వార్డు. పాత పాఠ్యప్రణాళికలో 20 కాన్పులు చేయాలన్న లెక్క ఉండేది. ఆ అంకె చుట్టూ అల్లుకున్న అలవాట్లు ఇంకా పోలేదు. ఒక పెద్దాస్పత్రి లేబర్ రూమ్‌కు నాలుగైదు కాలేజీల పిల్లలు వస్తారు. వాళ్లతో పాటు హౌస్ సర్జన్లు, పీజీలు. ఒకే కాన్పులో ఒకరు పెరీనియం (యోని ద్వారం కింది భాగం) చిరగకుండా పట్టుకుంటారు, ఒకరు సూది మందు వేస్తారు, ఒకరు బిడ్డను అందుకుంటారు. చివరికి ముగ్గురి కేస్ బుక్కుల్లోనూ ‘కాన్పు చేశాను’ అనే ఉంటుంది. దాన్ని ముక్కలుగా నమోదు చేయాలి. పార్టోగ్రాఫ్ (నొప్పులు సాగే తీరు గీసే చార్టు) ఎవరు వేశారు, తల బయటికి తెచ్చింది ఎవరు, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకుని కాన్పయిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండలోకి ఎవరు ఇచ్చారు, బొడ్డుతాడు ఎవరు లాగారు, మాయ మొత్తం వచ్చిందని ఎవరు పరిచి చూశారు, బిడ్డను ఎవరు తుడిచి తల్లి పొట్ట మీద వేశారు. ఇలా రాస్తే ఒక్కో విద్యార్థి ఏ మెట్టు దగ్గర ఆగిందో కనబడుతుంది. మాయ చూడడం ఒక్కసారీ చేయని పిల్ల పది కాన్పులు ‘చేసి’ ఉండవచ్చు.

పార్టోగ్రాఫ్ కాన్పు తర్వాత కూర్చుని నింపిందో, నొప్పుల్లో నింపిందో తేల్చడం కష్టం కాదు. లోపలి పరీక్ష మామూలుగా నాలుగు గంటలకోసారి. గర్భాశయ ముఖం విచ్చుకున్న గుర్తులు గంటకొకటి చొప్పున, సరిగ్గా చార్టులో ముందే గీసి ఉండే హెచ్చరిక గీత (అలర్ట్ గీత) మీదే స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే అది కాగితం మీద జరిగిన కాన్పే. శిశువు గుండె చప్పుడు అరగంటకోసారి 140, 140, 140 అని ఉన్నా అంతే.

సంతకం ఎవరిది అన్నది అసలు చిక్కు. ట్యూటర్‌కు విద్యార్థుల నిష్పత్తి 1:10 అంటారు. ఆ పదిమంది మూడు వార్డుల్లో ఉంటే ట్యూటర్ ఎవరి చేతిని చూడగలరు? నిజంగా చూసేది ఆ షిఫ్టులో ఉన్న స్టాఫ్ నర్సు. ఆమె సంతకానికే విలువ ఉండాలి. కానీ తన రోగుల పని తగ్గించకుండా పిల్లలను చూడమంటే ఆమె కూడా చివరికి గుడ్డిగా సంతకం పెడుతుంది. ఒక షిఫ్టులో ఒక స్టాఫ్ నర్సుకు ఇద్దరు విద్యార్థులు, ఆ మేరకు ఆమెకు కొందరు రోగులను తగ్గించడం, షిఫ్టు ముగిసేలోగా సంతకం. ఇరవైనాలుగు గంటలు దాటితే ఆ వరుస చెల్లదు, మళ్లీ చేసి చూపించాలి. చూసినవారు షీటు మీద, స్థాయి తేల్చే ట్యూటర్ లాగ్‌బుక్ మీద సంతకం చేయాలి. ఇద్దరూ ఒకరే కాకూడదు. బ్రిటన్‌లో 2018 ప్రమాణాల నుంచి పక్కనుండి నేర్పేవారు, తేల్చి చెప్పేవారు వేరువేరుగా ఉంటున్నారు. అక్కడ రిజిస్ట్రేషన్ కోసం మన పిల్లలు రాసే ఓస్కీ, ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపించాల్సిన పది స్టేషన్ల పరీక్ష. చేతులు కడగడం, రోగి పేరు, గుర్తింపు పట్టీ సరిచూడడం వంటివి అక్కడ తప్పనిసరి. ఇక్కడ చదివేటప్పుడే రోజూ రాసి ఉంటే వేలు పోసి కోచింగుల్లో ఇవే అలవాట్లు మళ్లీ కొనుక్కోవాల్సిన పని ఉండదు.

స్కిల్ ల్యాబ్ గురించి ఒక మాట. బొమ్మ మీద చేసినది బొమ్మ మీద చేసినట్టే రాయాలి. పాతబడిన బొమ్మ చేతికి ముందు బ్యాచ్‌లు గుచ్చిన కన్నాలే దారి చూపిస్తాయి, దాని మీద గురి కుదిరితే పెద్ద విశేషం కాదు. ల్యాబ్ విలువ క్రమం నేర్పడంలో ఉంది. ఫోలీ క్యాథెటర్ (మూత్రం కోసం వేసే గొట్టం) కొసన ఉండే బెలూన్‌కు సెలైన్ కాకుండా స్టెరైల్ వాటర్ ఎందుకు, మగవారికి మూత్రం కనబడగానే బెలూన్ నింపకుండా క్యాథెటర్‌ను దాని బయటి కొస రెండుగా చీలే చోటు దాకా ఎందుకు పంపాలి వంటివి అక్కడే చేతికి అలవాటు కావాలి.

రోగి పేరు షీటులో వద్దు. ఐపీ నంబరు చాలు, తనిఖీకి అదే సరిపోతుంది. కొన్నిచోట్ల రుజువు కోసమని ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. వెంటనే ఆపించాలి.

తనిఖీకి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. నెలకోసారి హెడ్ నర్సు, ట్యూటర్ కలిసి ఏవైనా పది ఐపీ నంబర్లు తీసి వార్డు రిజిస్టర్‌తో, లేబర్ రూమ్ రిజిస్టర్‌తో సరిపోల్చితే చాలు. ఒకే నంబరు ఎందరి పుస్తకాల్లో ‘చేశాను’గా ఉందో గంటలో తేలుతుంది. ఆ రోజు ఆ వార్డులో లేని రోగి నంబరు కూడా అక్కడే దొరుకుతుంది.

విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలకు మా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు లాగ్‌బుక్‌తో పాటు ఈ రోజువారీ షీట్లు కూడా ఇవ్వాలి. ఆయన లేదా ఆమె అందులోంచి తానే ఒక వరుస ఎంచుకుని, అదే పనిని ఆ పూట అక్కడ చేసి చూపించమని విద్యార్థిని అడిగేలా ఉత్తర్వు ఇవ్వాలి.

– కొందరు నర్సింగ్ అధ్యాపకులు