మా పచ్చళ్ళ దుకాణం లెక్కలు, ఉన్నవి ఉన్నట్టు

అందరికీ నమస్కారం.

తెనాలిలోని మా పచ్చళ్ళు, పిండివంటల దుకాణం నుంచి రాస్తున్నాను. ఈ రెండు నెలల్లో మీలో చాలామంది ఫోన్ చేసి అవే రెండు ప్రశ్నలు అడిగారు. అమెరికా పార్సిళ్ళు ఎందుకు ఆపేశారు? జీఎస్టీ తగ్గింది కదా, మీరు ధర తగ్గించరా? ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే సగం అర్థమవుతోంది, సగం అపార్థమవుతోంది. అందుకే దసరా హడావిడి అయ్యాక తీరిగ్గా కూర్చుని అన్నీ రాస్తున్నాను. ఇది 2025 అక్టోబరు మొదటి వారం. ఆ తర్వాత ఏమైనా మారితే మళ్ళీ చెప్తాను.

ముందు దుకాణం సంగతి. మా సరుకులో పెద్ద భాగం హైదరాబాదుకి పోతుంది. దాని తర్వాత అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు, ఆ తర్వాత భీమవరం వైపు సారె ఆర్డర్లు. ఈ మూడూ ఒకే ఏడాది తగ్గడం నా పదహారేళ్ళ వ్యాపారంలో ఎప్పుడూ చూడలేదు. కరోనా అప్పుడు అంతా ఒక్కసారిగా ఆగిపోయింది, తర్వాత ఒక్కసారిగా పుంజుకుంది. ఇప్పుడలా కాదు. కొనడం ఎవరూ మానలేదు, అందరూ తగ్గించారు. కిలో ఆవకాయ తీసుకునే ఇల్లు అరకిలో చాలంటోంది. సున్నుండలు రెండు కిలోలు తీసుకునేవాళ్ళు కిలోతో సరిపెడుతున్నారు. రోజూ చూసే పుస్తకంలో ఇది కనబడదు, నెలాఖరున లెక్క వేస్తే తెలుస్తోంది.

పేపర్లో మాత్రం వేరే లెక్క ఉంది. ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో మన దేశ జీడీపీ 7.8 శాతం పెరిగింది. ఆగస్టులో ధరల పెరుగుదల 2.07 శాతమే. కాబట్టి దేశం మాంద్యంలో ఉందని నేను అనను, ఆ అంకెలు అబద్ధమనీ అనను. ఒక్కటి గమనించండి. 7.8 అన్నది ధరల ప్రభావం తీసేశాక వచ్చిన అంకె. ధరలు కలిపి లెక్కేస్తే ఆ పెరుగుదల 8.8 శాతం. మామూలు రోజుల్లో ఈ రెండింటి మధ్య తేడా ఇంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మా గల్లాపెట్టెలోకి వచ్చేది ధరలతో కలిసిన డబ్బే. నేను కట్టే వడ్డీ, ఇచ్చే జీతాలు కూడా ఆ డబ్బులోంచే పోవాలి. దేశమంతా బాగుందని చెప్తున్నప్పుడు కూడా చిన్న వ్యాపారులకి చేతిలో డబ్బు ఆడనట్టు అనిపించడానికి ఇదొక కారణం అనుకుంటున్నాను.

రెండో కారణం మా ఖాతాదారులే. మీలో ఎక్కువమంది జీవితం ఏదో ఒక దారిలో అమెరికాతో ముడిపడి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడి పిల్లలు, లేకపోతే రొయ్యల చెరువు. అమెరికా ఆర్థిక వ్యవస్థ ఈ ఏడాది మొదటి మూడు నెలల్లో వార్షిక లెక్కన 0.6 శాతం కుంగింది, తర్వాతి మూడు నెలల్లో 3.8 శాతం పెరిగింది. వరసగా రెండు త్రైమాసికాలు కుంగితే మాంద్యం అనడం వాడుక. ఆ లెక్కన అక్కడా మాంద్యం లేదు. కానీ సెప్టెంబరు 17న అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ పావు శాతం తగ్గించింది, అక్కడ కొత్త ఉద్యోగాలు బాగా తగ్గాయనే. దానికి రెండు రోజుల తర్వాత అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. కూకట్‌పల్లి నుంచి ఎనిమిదేళ్ళుగా ఆర్డర్ ఇచ్చే ఒక అమ్మాయి, "జీతం వస్తూనే ఉంది అక్కా, వచ్చే ఏడాది గురించే టెన్షన్" అంది. మాంద్యం వస్తుందో రాదో నాకు తెలీదు కానీ, వస్తుందన్న భయంతో ఇంటి ఖర్చు ముందే తగ్గిపోతుంది. మేం చూస్తున్నది అదే.

ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. బడ్జెట్లో కొత్త విధానం కింద 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేసింది. రిజర్వ్ బ్యాంకు ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ, 6.5 శాతం నుంచి 5.5కి దించింది, మొన్న అక్టోబరు 1న అక్కడే ఉంచింది. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది. మూడూ మంచి పనులే. మూడూ జనం చేతిలో నాలుగు డబ్బులు మిగలాలన్న ఆలోచనతో చేసినవే. కానీ ఉద్యోగం గురించి భయపడే మనిషి మిగిలిన డబ్బుతో ముందు అప్పు తీర్చుకుంటాడు. నేనూ అదే చేస్తాను, తప్పు పట్టలేను. వడ్డీ తగ్గింపు నాకెంత అందిందో కూడా చెప్తాను. షెడ్డు లోనులో ఇంకా 6 లక్షలు ఐదేళ్ళు కట్టాలి. దాని వడ్డీ రెపోకి ముడిపడింది కాబట్టి ఒక శాతం పూర్తిగా తగ్గింది. నెలకి మిగిలింది సుమారు 300 రూపాయలు. వద్దనను. కానీ అమెరికా ఆర్డర్లు పోయిన చోట అది ఆనదు.

ఇక ఆ పార్సిళ్ళ సంగతి. 2016 నుంచి 800 డాలర్ల లోపు సరుకు అమెరికాలోకి సుంకం లేకుండా వెళ్ళేది. మీ అబ్బాయికి పంపే నాలుగు కిలోల పచ్చళ్ళు ఆ వెసులుబాటు మీదే వెళ్ళాయి. ఆగస్టు 29న అది అన్ని దేశాలకీ ఎత్తేశారు. దానికి రెండు రోజుల ముందే మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. అంటే 4,000 రూపాయల సరుకుకి 2,000 సుంకం, ఆపైన కొరియర్ ఛార్జీ, సుంకం కట్టిపెట్టినందుకు వాళ్ళు తీసుకునే రుసుము. తపాలా శాఖ ఆగస్టు చివర్లో అమెరికా పార్సిళ్ళు ఆపేసింది, ఇది రాసే రోజుకి ఇంకా మొదలవలేదు.

100 డాలర్ల లోపు బహుమతులకి మినహాయింపు ఉంది కదా, 'గిఫ్ట్' అని రాసి పంపండి అని కొందరు అడుగుతున్నారు. నేను అమ్మిన సరుకు గిఫ్ట్ కాదు. కాగితం మీద అబద్ధం రాస్తే పట్టుబడేది అక్కడ పార్సిల్ అందుకునే మీ పిల్లలు. వీసా విషయాలు ఇంత సున్నితంగా ఉన్న రోజుల్లో ఆ పని నేను చెయ్యను. దయచేసి అడగొద్దు.

భీమవరం వైపు వాళ్ళకి నేను చెప్పేదేముంది, మీకే ఎక్కువ తెలుసు. మన రొయ్యని అన్నిటికన్నా ఎక్కువ కొనేది అమెరికా. మన మీద 50 శాతం వేసి, పోటీగా ఉన్న ఈక్వెడార్ మీద 15 శాతమే వేశారు. పోయిన మాఘంలో సారెకి పదకొండు రకాలు చేయించుకున్న కుటుంబం ఈసారి రెండో అమ్మాయికి ఐదు రకాలు చాలన్నారు. ఆ ఐదూ మొదటిసారి చేసినంత శ్రద్ధగానే చేసి పంపుతాం.

జీఎస్టీ దగ్గరికి వస్తున్నాను. పచ్చళ్ళ మీద, ప్యాక్ చేసిన జంతికలు, కారప్పూస మీద 12 శాతం ఉండేది 5 అయింది. అరకిలో ఆవకాయ సీసా అసలు ధర 250, పన్నుతో 280కి అమ్మేవాళ్ళం. ఇప్పుడు 262. సీసా మీద పాత స్టిక్కర్ 280 అని కనబడినా బిల్లు 262కే వేస్తున్నాం. పొరపాటున ఎక్కువ తీసుకుని ఉంటే బిల్లు పంపండి, తేడా తిరిగి వేస్తాను. మిఠాయిల మీద ముందునుంచీ 5 శాతమే కాబట్టి అక్కడ పన్నులో మార్పు లేదు.

ఇందులో మాకొక ఇబ్బంది ఉంది. ప్లాస్టిక్ డబ్బాల మీద, కొరియర్ మీద మేం కట్టేది 18 శాతం. మీ దగ్గర 12 శాతం వసూలు చేసినప్పుడు అది అందులో సర్దుబాటయ్యేది. ఇప్పుడు 5 శాతంలో పూర్తిగా సర్దుకోదు. డబ్బాల మీద కట్టింది తిరిగి అడగొచ్చు కానీ, కొరియర్ లాంటి సేవల మీద కట్టింది తిరిగి రాదు. ఒక శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతికి మారదామంటే, అందులో పక్క రాష్ట్రానికి అమ్మడానికి వీల్లేదు. తెనాలి నుంచి హైదరాబాదు ఇప్పుడు పక్క రాష్ట్రమే. ఈ భారం మీ మీద వెయ్యడం లేదు. మార్చి దాకా మేమే మోస్తాం. మార్చిలో మళ్ళీ లెక్క చూసి చెప్తాను.

"మిర్చి సగానికి పడిపోయింది కదా, ఇంకా తగ్గించొచ్చు" అన్నారు ఒకరు. న్యాయమైన ప్రశ్న. అంతకుముందు ఏడాది గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి ఈ సీజన్లో ఎంత పడిపోయిందంటే, కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకి 11,781 రూపాయల ధర కట్టి, అంతకన్నా తక్కువకి అమ్మిన రైతుకి తేడా ఇస్తామనాల్సి వచ్చింది. మేం కారానికి మిర్చి కొన్నది ఆ రోజుల్లోనే. నాకు డబ్బు మిగిలింది, నిజం. అది రైతు నష్టంలోంచి వచ్చిన మిగులని నాకు తెలుసు, యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) మీద కూర్చున్నవాళ్ళ ముఖాలు చూశాను. ఆగస్టు, సెప్టెంబరు జీతాలు ఆ డబ్బులోంచే ఇచ్చాను. అది ధరలో తగ్గించి ఉంటే ఇద్దరిని పనిలోంచి తీసెయ్యాల్సి వచ్చేది.

నా తప్పు కూడా చెప్పాలి. జూన్లో వడ్డీ ఒకేసారి అర శాతం తగ్గిందన్న ధైర్యంతో, అమెరికా ఆర్డర్ల కోసమే, అప్పు చేసి వాక్యూమ్ ప్యాకింగ్ మిషన్ కొన్నాను. సుంకాల మాట ఏప్రిల్ నుంచే వినిపిస్తోంది. ఆగాల్సింది. ఇప్పుడు అది వారంలో రెండు రోజులే తిరుగుతోంది, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది.

మా దగ్గర పనిచేసే ఎనిమిది మంది ఆడవాళ్ళలో ఎవరినీ తియ్యడం లేదు. దీపావళి తర్వాత పని తగ్గితే వారానికి ఆరు రోజులు ఐదవుతాయి, అది వాళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నాం. నేను ఇంటికి తీసుకునేది సగం చేశాను. పచ్చళ్ళలో పప్పునూనె, స్వీట్లలో నెయ్యి మారవు. సీసా బరువు తగ్గించి పాత ధర ఉంచే పని చెయ్యం. అరకిలో కూడా ఎక్కువనుకునే ఇళ్ళ కోసం పావుకిలో సీసా మొదలుపెట్టాం, 131 రూపాయలు. అరకిలో ధరలో సరిగ్గా సగం.

దుకాణాలకి, క్యాంటీన్లకి అరువు మాత్రం ఆపేశాను. పాతవాళ్ళు నొచ్చుకున్నారు, క్షమించాలి. వచ్చే మే నెలలో మామిడికాయ కొనడానికి చేతిలో డబ్బు ఉండాలి.

దీపావళి 20న. మిఠాయి ఆర్డర్లు 15వ తేదీ లోపు చెప్తే, చెప్పినంతకే నెయ్యి కొంటాను. అమెరికాకని అడ్వాన్స్ కట్టినవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు. తొమ్మిది మందికి డబ్బు తిరిగి వేసేశాను. మిగతా ఐదుగురు మా పాత వాట్సాప్ నంబరుకి మీ వివరాలు పంపండి, అదే రోజు వేస్తాను.

తెనాలి నుంచి,
మీ పచ్చళ్ళ దుకాణం