రైతు సంఘం వార్షిక నివేదిక: గట్ల మీది ఎలుకలు, వాటి తిండి, మన పని

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఎలుకల గురించే. దాళ్వా (రెండో పంట) వరి చేలు పొట్ట మీద, అంటే వెన్ను బయటికి రాబోతూ ఉండగా గట్టు వార పిలకలు తెగి పడిపోవడం, ఎన్నిసార్లు మందు పెట్టినా ఆగకపోవడం అందరికీ తెలిసిందే. కౌలు రైతులకైతే ఆ నెలంతా టెన్షనే. అందుకని ఈ ఏడాది సంఘం పనిలో పెద్దభాగం దీనికే కేటాయించాం. మందు కొనే ముందు అసలు మన చేలల్లో ఏ ఎలుకలున్నాయి, ఏది ఎప్పుడు ఏం తింటోంది అన్నది చూశాం. ఎలుకలు పట్టే బుట్టలు పెట్టే యానాది కుటుంబాలు వెంట ఉండి చూపించకపోతే ఇందులో సగం మనకు తెలిసేది కాదు. సంఘం తరఫున వాళ్లకు కృతజ్ఞతలు.

మన గట్ల మీద ప్రధానంగా మూడు రకాలు కలిసి బతుకుతున్నాయి. అన్నిటికంటే పెద్దది చిన్న పందికొక్కు, పావుకిలో దాకా తూగుతుంది. దాని కలుగు ముందు కొత్తమట్టి గుట్టగా పడి ఉంటుంది, లోపలికి పోయాక వాకిలి మట్టితో మూసుకుంటుంది. రెండోది మెత్తబొచ్చు ఎలుక. ఇది లోతుగా తవ్వదు, నేల నెర్రెల్లోనూ పాత కలుగుల్లోనూ సర్దుకుంటుంది. మూడోది చిట్టెలుక, పది గ్రాములకు అటూఇటూ ఉంటుంది. శాస్త్రవేత్తలు వీటిని వరసగా బాండికోటా బెంగాలెన్సిస్, మిల్లార్డియా మెల్టాడా, మస్ బూడుగా అంటారు.

ఒకే గట్టు మీద మూడింటికీ తిండి ఎలా సరిపోతోందంటే, మూడూ ఒకటే తినవు. పందికొక్కుకి వరే ప్రధానం. పిలకలు వేసే దశలో దుబ్బు మొదట్లో ఏటవాలుగా కోసి లోపలి మెత్తటి భాగం తింటుంది. గింజ గట్టిపడ్డాక వెన్ను కోసి కలుగులోకి లాక్కుపోతుంది. రోజుకి దాని ఒంటి బరువులో పదోవంతు గింజ ఉంటే కడుపు నిండుతుంది, కానీ కోసి పారేసేది అంతకు ఎన్నో రెట్లు. ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి దాని నోరు ఊరుకోదు. మెత్తబొచ్చు ఎలుక ఊద అనే కలుపు గింజలు, గడ్డి, పురుగులు తింటుంది, కాయ పట్టిన మినుము చేలో దాని హడావుడి ఎక్కువ. చిట్టెలుక రాలిన గింజలతో, గడ్డి విత్తనాలతో, చిన్న పురుగులతో గడిపేస్తుంది. నారుమడిలో చల్లిన విత్తనం ఏరుకుతినడం తప్ప అది మనకు చేసే నష్టం తక్కువే.

మురుగు కాలువ గట్టు మీద ఒక పందికొక్కు కలుగు తవ్వించిన రోజు వచ్చిన సభ్యులకు ఈ తేడా బాగా అర్థమైంది. వాకిలి నుంచి సొరంగం రెండు పాయలైంది. ఒక పాయ చివర ఎండుగడ్డి పరిచిన గూడు ఉంది. రెండో పాయలో వెడల్పాటి అర, దాని నిండా మొదలుకంటా కోసిన వెన్నులు. పైవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, అడుగున ఉన్నవి మొలకెత్తి తెల్లటి వేళ్లు వేశాయి. వాకిలి దగ్గర పీత డెక్కలు, పగిలిన నత్తగుల్లలు కూడా దొరికాయి. చేలో వరి లేని రోజుల్లో అవి, తుంగ గడ్డలు, గడ్డి దుంపలే దానికి ఆధారం. ఆ పక్కనే మూరెడు దూరంలో ఉన్న చిట్టెలుక కన్నంలో దాచుకున్న గింజ ఒక్కటీ లేదు.

ఈ చూపుతోనే మందు పెట్టే కాలం మార్చుకున్నాం. ఇన్నాళ్లూ మనం కదిలింది చేను పొట్ట మీదకొచ్చాక, ఎలుక కోత కంటపడ్డాక. అప్పటికి ఎలుక చుట్టూ పాలు పోసుకుంటున్న వరి ఉంటుంది, మన మందు కలిపిన నూకల పొట్లం దానికి ఎందుకు? పైగా పందికొక్కు పిల్లలు పెట్టే జోరు కూడా అప్పుడే. చూలు కట్టిన మూడు వారాలు దాటగానే ఈతకు ఆరేడు పిల్లలు దిగుతాయి. అదే కాలువలకు నీళ్లు వదిలి, దమ్ము చేసి, ఊడ్పులు అవుతున్న రోజుల్లో చూడండి. చేలన్నీ నీళ్లు, ఎలుకలన్నీ గట్ల మీదకు చేరి ఉంటాయి, తినడానికి దొరికేది తక్కువ. మందు పనిచేసేది అప్పుడు.

పద్ధతి ఇది. మొదటి రోజు సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ మట్టితో మూసేశాం. మర్నాడు పొద్దున తెరుచుకున్నవే ఎలుక ఉన్న కలుగులు. పీత కన్నాల్లో మందు వేసి వృథా చేసే అలవాటు దీంతో తగ్గింది. తడిగా, చుట్టూ బురద ఉండలతో, లోపల నీళ్లతో ఉంటే అది పీతది. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ పొడి 2 పాళ్లు కలిపి, చిన్న పొట్లాలు కట్టి కలుగు లోపలికి వేశాం. ఇది మెల్లగా పనిచేసే మందు. తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత చస్తుంది కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు అలా కాదు. కొద్దిగా తిని బతికి బయటపడ్డ ఎలుక మళ్లీ ఆ రుచి జోలికి రాదు. అందుకే దాన్ని వాడేవాళ్లు ముందు రెండుమూడు రోజులు మందు కలపని నూకలు అలవాటు చెయ్యాలి.

ఒకే బోదె (చేలకు నీళ్లిచ్చే చిన్న కాలువ) కింద ఉన్న రైతులందరూ ఒకే రోజు మందు పెట్టిన చోట దాళ్వాలో ఎలుక కోత బాగా తగ్గింది. తలో రోజు పెట్టిన వైపు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, ఖాళీ అయిన కలుగులోకి పక్క చేలోంచి కొత్తది వచ్చి చేరింది. మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్లు సామూహికంగా చెయ్యాలని ఎప్పటినుంచో చెబుతున్నది ఇందుకే.

చచ్చిన ఎలుకల్ని తప్పకుండా పాతిపెట్టండి. మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబకీ ప్రమాదమే. చేలల్లో మనం పాతిన టీ ఆకారపు కర్రల మీద రాత్రిళ్లు గుడ్లగూబలు వాలుతున్నాయి. కర్రల కింద అవి కక్కిన బొచ్చు ఉండలు దొరికాయి. ఒకదాన్ని నీళ్లలో నానబెట్టి విప్పితే చిట్టెలుక దవడలు, వాటి పక్కనే పెద్ద ఎలుక పుర్రె ముక్క బయటపడ్డాయి. దయచేసి ఆ పక్షిని అపశకునమని తరమకండి. జెర్రిపోతును కూడా చంపకండి.

కొబ్బరి తోటల సంగతి క్లుప్తంగా. అక్కడ దొంగ వేరు, చెట్టెక్కే నల్ల ఎలుక. లేత కాయలకు తొడిమ దగ్గర కన్నం చేస్తుంది. మానుకి చుట్టూ రేకు కట్టిన చెట్లకు మేలు జరిగింది, కానీ పక్క చెట్టు మట్ట తగులుతుంటే రేకు కట్టీ లాభం లేదు. కోకో వేసినవాళ్లు కాయను తిప్పి చూడాలి. తొడిమ వైపు కొరికితే ఎలుక, మధ్యలో కన్నం ఉంటే ఉడత.

ఏటిగట్టు పక్క సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. వరద వస్తే లంకల్లోని ఎలుకలు గట్టెక్కుతాయి, గట్టును గుల్ల చేస్తాయి. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లకు గట్టు విలువ చెప్పక్కర్లేదు. కలుగులు కనపడగానే సంఘానికి చెప్పండి.

ఎలుకల కోసం చేను చుట్టూ కరెంటు తీగ లాగడాన్ని సంఘం ఒప్పుకోదు. రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లేది మన మనిషే.

బోదెల పూడికతీత, విత్తన పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పుస్తకం సంఘం ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే సార్వాకి (మొదటి పంటకి) కార్యవర్గం తీర్మానాలు ఇవి. కాలువలు వదిలే ముందే గట్లు చెక్కి అడుగు వెడల్పుకి మించకుండా చెయ్యాలి, సన్నటి గట్టులో పందికొక్కు కలుగు నిలవదు. నడిచే పెద్ద గట్లు మాత్రం అలాగే ఉంటాయి, వాటి మీద బుట్టలు పెడతారు. బుట్టల కూలి ఎకరాల లెక్కన సంఘమే వసూలు చేసి ఇస్తుంది, కౌలు రైతు వాటా భూమి యజమాని భరించాలి. ఊడ్పులు అయ్యాక మందు రోజును బోదెల వారీగా ముందే చాటింపు వేయిస్తాం. ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు తమ చేలో పెట్టే మనిషి పేరు ముందుగా కార్యదర్శికి రాయించాలి.