మా కర్రీ పాయింట్ కెమెరా గురించి ఒక నిజం

అందరికీ నమస్కారం. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కర్రీ పాయింట్‌కి రోజూ వచ్చేవాళ్ళకి విషయం ఈపాటికి తెలిసే ఉంటుంది. పోయిన మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, మా షాపు ముందే ఒక హాస్టల్ అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కుపోయారు. మీకు తెలియనిది ఇంకొకటి ఉంది. అది నేనే చెప్పాలి. ఆ రోజు మా కెమెరా రికార్డు చేయడం లేదు.

చూడ్డానికి అన్నీ బాగానే ఉన్నాయి. ఎర్ర లైటు వెలుగుతోంది, లోపల టీవీలో బొమ్మ వస్తోంది. కానీ హార్డ్ డిస్క్ పోయి నాలుగు నెలలైంది. కొత్తది వేయాలంటే ఐదు వేలవుతుందని మెకానిక్ చెప్పాడు. అదే నెలలో గ్రైండర్ మోటారు కాలింది. గ్రైండర్ లేకపోతే మర్నాడు పచ్చడి ఉండదు, హార్డ్ డిస్క్ లేకపోతే ఎవరికీ తెలియదు. అలా వాయిదా వేశాను. గోడ మీద ‘మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు’ అన్న బోర్డు మాత్రం అలాగే ఉంది. గురువారం ఫుటేజీ కోసం వచ్చిన కానిస్టేబుల్‌కి ఈ మాట చెప్తే, ఆయన ఒకసారి ఆ బోర్డు వైపు చూసి, పక్క మెడికల్ షాపుకి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

2013 ఫిబ్రవరి 21న ఇక్కడ బాంబులు పేలిన రోజు ఈ ఏరియాలో ఉన్నవాళ్ళకి కెమెరా విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే ప్రజా భద్రత చట్టం వచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ మంది చేరే చోట్ల కెమెరాలు పెట్టాలని, 30 రోజుల ఫుటేజీ దాచాలని అందులో ఉంది. మాలాంటి చిన్న షాపులు దాని కిందికి రావు. అయినా అందరం పెట్టుకున్నాం. పెట్టాక చూసుకోవడం మానేశాం. నేనైతే మానేశాను.

ఆ రాత్రి జరిగింది కూడా చెప్తాను, ఎందుకంటే కాలనీ వాట్సాప్ గ్రూపులో కత్తి చూపించారని, అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చారని రాశారు. కత్తి లేదు, దెబ్బలు లేవు. మా క్యూఆర్ కోడ్ స్టాండు బయటి కౌంటర్ మీద, రోడ్డుకి ఆనుకుని ఉండేది. నెట్ అందక ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి జరిగి ఫోన్ పైకెత్తింది. రాంగ్ రూట్‌లో బండి మీద ఇద్దరొచ్చారు. వెనక కూర్చున్నవాడు ఫోన్ లాగాడు. ఆ కుదుపుకి రెండో చేతిలోని గుత్తివంకాయ ప్యాకెట్ కింద పడి పగిలింది. మా కుర్రాడు మలుపు దాకా పరిగెత్తాడు. మలుపులో వీధి దీపం వెలగడం లేదు, బండి నంబరు కనబడలేదు. అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టలేదు.

‘బయటి నుంచి వచ్చిన లేబర్ ఎక్కువైపోయారు’ అని కూడా గ్రూపులో ఒకరు రాశారు. మా వంటింట్లో మీకు చపాతీలు కాల్చేది ఒడిశా నుంచి వచ్చిన అన్నదమ్ములే. ముఖం ఎవరూ చూడనప్పుడు ఊరి పేరు ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు.

ఆ అమ్మాయి మొదట కంప్లైంట్ వద్దంది. ‘ఇంట్లో తెలిస్తే కోచింగ్ మాన్పించి తీసుకెళ్ళిపోతారక్కా’ అని ఏడ్చింది. ఇలా ఎంతమంది ఊరుకున్నారో! నేరాల రేటు అంటే లక్ష జనాభాకి ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్కే. కంప్లైంట్ ఇవ్వని ఫోన్ ఆ లెక్కలోకి రాదు. ‘మా ఏరియా చాలా సేఫ్ అమ్మా’ అని హాస్టల్లో దింపడానికి వచ్చిన తల్లిదండ్రులకి నేనే చాలాసార్లు చెప్పాను. ఏ ఆధారంతో చెప్పానంటే నా దగ్గర జవాబు లేదు.

బుధవారం కంప్లైంట్ ఇవ్వడానికి నేనూ ఆ అమ్మాయికి తోడుగా స్టేషన్‌కి వెళ్ళాను. వెళ్తే తెలిసింది, ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడానికి 304 అని విడిగా సెక్షనే ఉందట, మూడేళ్ళ దాకా శిక్ష. ఏ స్టేషన్ పరిధి అన్నది తెలియకపోయినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ రాయించొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఫోన్‌ని బ్లాక్ చేయడానికి సీఈఐఆర్ అని కేంద్రం పోర్టల్ ఉంది. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు కావాలి. ఫోన్ పోయాక ఆ నంబరు ఎక్కడ వెతుకుతాం? వాళ్ళ ఊళ్ళో బీరువా మీదున్న ఫోన్ డబ్బా మీద దొరికింది. దానికోసం ఇంటికి ఫోన్ చేయక తప్పలేదు. వాళ్ళ నాన్న నాతోనే మాట్లాడారు. కోచింగ్ మాన్పించలేదు. కాబట్టి ఇప్పుడే *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్ లాక్ తీసి ఉండగా పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంకుకి చెప్పండి. డబ్బులు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మా వైపు నుంచి చేసినవి: కొత్త హార్డ్ డిస్క్ వేయించాం. ప్రతి శనివారం, అంతకు ముందు రోజు రికార్డింగ్‌ని తెరిచి చూస్తున్నాం. క్యూఆర్ కోడ్ లోపలి గోడకి మార్చాం, నెట్ అందకపోతే మా వైఫై వాడుకోండి. వీధి దీపం గురించి ఫిర్యాదు ఇచ్చాం, అది వెలిగేదాకా మా మేడ మీద నుంచి మలుపు వైపు ఫ్లడ్ లైటు పెట్టాం. కరెంటు బిల్లు పెరుగుతుంది, కూరల రేటు మాత్రం పెంచడం లేదు. షాపు త్వరగా మూసేయమని కొందరన్నారు. పదిన్నర దాకా తెరిచే ఉంటుంది. లైట్లున్న షాపు ఒకటి మూస్తే ఆ గల్లీ ఇంకా చీకటవుతుంది. తొమ్మిది దాటాక హాస్టల్ దాకా తోడు కావాలంటే మా కుర్రాణ్ణి అడగండి, మొహమాటం వద్దు.

ఈ వారం రాత్రి బేరం బాగా తగ్గింది. మిమ్మల్ని తప్పుపట్టను.

ఫోన్ ఇంకా దొరకలేదు. శుక్రవారం ఆ అమ్మాయి వచ్చి యాభై రూపాయల నోటు ఇవ్వబోయింది. ‘ఆ రోజు పేమెంట్ అవ్వలేదక్కా’ అంది. తీసుకోలేదు. గుత్తివంకాయ ఇంకో ప్యాకెట్ కట్టిచ్చాను.