పిల్లల జిమ్నాస్టిక్స్ శిక్షణ విభాగం అధిపతికి బహిరంగ లేఖ

అయ్యా,

మా అమ్మాయికి పదేళ్లు. ఆమె బృందంలో నిన్నమొన్న పల్టీ నేర్చుకున్న ఏడేళ్ల పిల్లలున్నారు, పెద్ద పోటీలకు సిద్ధమవుతున్న పద్నాలుగేళ్ల వాళ్లూ ఉన్నారు. అందరికీ ఒక్కరే కోచ్.

వేర్వేరు స్థాయిల పిల్లలను కలిపి నేర్పడం తప్పని నేననను. ఒక పెద్ద పిల్ల బీమ్ అనే సన్నటి దూలం మీద నుంచి పడి, లేచి, మళ్లీ ఎక్కడం చూశాకే మా అమ్మాయికి భయం పోయింది. నా బాధంతా కలిపిన తీరు గురించే.

బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 125. దాని మీద కొత్తగా వెనక్కి పల్టీ కొట్టే పిల్లకు పక్కన పట్టుకునే మనిషి ఉండి తీరాలి. మొన్న కోచ్ ఆ పనిలో ఉండగా, మా అమ్మాయి చేతులకు సుద్దపొడి రాసుకుని పట్టుకుని ఊగే బార్ల దగ్గర ఇరవై నిమిషాలు నిలబడింది. ఒళ్లు చల్లబడ్డాక వచ్చింది ఆమె వంతు. అది గాయాన్ని కోరి తెచ్చుకోవడం కాదా?

వార్మప్, బలం పెంచే వ్యాయామాలు అందరూ కలిసే చేయనివ్వండి. పరికరాల దగ్గర మాత్రం, వయసును కాక నేర్చుకుంటున్న విన్యాసాన్ని బట్టి విడదీయండి. కోచ్ తోడు కావలసిన వాళ్లు ఒకచోట ఉంటే, మిగతావాళ్లు బాగా వచ్చినవే సాధన చేసుకుంటారు.

ఇంకొక మాట. ఎదిగే వయసులో పిల్లలు ఉన్నట్టుండి పొడవవుతారు, నిన్న వచ్చిన విన్యాసం ఇవాళ తప్పుతుంది. అప్పుడు కింది బృందానికి మార్చడం శిక్ష కాదని పిల్లలకు ముందే చెప్పించండి.

బృందాల కొత్త జాబితా ఖరారు చేసేముందు కోచ్‌ల మాట, మా మాట ఒకసారి వినండి.

ఇట్లు,
ఒక తల్లి