భూమి కొననిచ్చారు, పార పట్టడం ఎవరు నేర్పుతారు? – కర్ణాటక వ్యవసాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. నేను ఇరవై మూడేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. కన్నడం ధారాళంగానే మాట్లాడతాను గానీ, కాగితం ముందు కూర్చుంటే తెలుగే వస్తుంది. మీ కార్యాలయంలో తెలుగు తెలిసిన కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వైపువాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు, చదివి వినిపిస్తారన్న ధైర్యంతో రాస్తున్నాను. పైగా ఈ లేఖలో వచ్చే వస్తువుల పేర్లకు పెద్దగా అనువాదం అక్కర్లేదు. మీ కులుమె మా కొలిమి, మీ కమ్మార మా కమ్మరి. గుద్దలి ఇద్దరికీ గుద్దలే.

వ్యవసాయం వృత్తి కానివాళ్లు ఈ రాష్ట్రంలో సాగుభూమి కొనడానికి 2020 దాకా చట్టం అడ్డుండేది. ఆ ఏడాది భూసంస్కరణల చట్టాన్ని సవరించి 79ఏ, 79బి సెక్షన్లు తీసేశారు. అది మంచో చెడో పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మేము మాత్రం మరుసటి ఏడాదే బాగేపల్లి తాలూకాలో రెండెకరాలు కొన్నాం. రిజిస్ట్రేషన్ రోజున ఆధార్ అడిగారు, పాన్ కార్డు అడిగారు, వేలిముద్రలు వేయించుకున్నారు. పార పట్టడం వచ్చా అని ఎవరూ అడగలేదు. అడగాలని నేనూ అనను. అడిగి ఉంటే ఆ రోజు మాకు రిజిస్ట్రేషన్ అయ్యేది కాదు.

మా నాన్న మదనపల్లె దగ్గర టమాటా పండించినవాడే. అయితే, తన కష్టం నాకు వద్దనుకుని చదువుకోమని పంపాడు, చేలోకి దిగనివ్వలేదు. అందుకే పుట్టుకతో రైతు బిడ్డనే అయినా నా చేతులకు ఆ సంగతి తెలియదు.

మొదటి దెబ్బ కంచె దగ్గర తగిలింది. ఆ ప్రాంతంలో కంచె అంటే రాతి కూసాలు పాతి ముళ్లతీగ లాగడమే. మా ఆయన లెక్క వేసి, దూరం కొలిచి, దగ్గరుండి పాతించాడు. తీగ బిగించిన నెలకు ఒక వాన పడింది. మూల కూసాలు రెండూ చేలోకి ఒరిగాయి. తీగ లాగుడంతా మూల మీదే పడుతుంది కాబట్టి, ముందు మూల కూసానికి రెండు వైపులా ఏటవాలుగా ఊతరాళ్లు పాతి, ఆ తర్వాతే తీగ బిగించాలట. పక్క చేను రైతు వచ్చి నిలబడి ఒక్క మాటలో చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "చదువుకున్నవాళ్లు కదమ్మా, ఏదో లెక్క ఉంటుందిలే అనుకున్నాను" అన్నాడు.

అసలు నేను చెప్పదలచుకున్నది కొడవలి సంగతి.

గట్ల మీద గడ్డి కోయడానికి నగరంలోనే ఒక కొడవలి కొన్నాను. పది రోజులకే మొద్దుబారింది. మా వీధి చివర కత్తులు సానపట్టే కుర్రవాడి దగ్గరికి తీసుకెళ్లాను. కరెంటు గ్రైండరు పెట్టి నిప్పురవ్వలు ఎగరేస్తూ రెండు నిమిషాల్లో తళతళలాడేలా చేసి ఇచ్చాడు. అంచు వెంబడి నెమలి మెడలాంటి నీలి రంగు కనిపిస్తే ముచ్చటపడ్డాను కూడా. ఆదివారం చేనికి వెళ్లి గడ్డి కోస్తుంటే, నాలుగు పట్లు తెగాయో లేదో అంచు రేకులా మడతపడింది.

పక్క ఊళ్లో వేపచెట్టు కింద ఒక ఆచారిగారి కొలిమి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఆ కొడవలిని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ నీలం చూశావా అమ్మాయ్? ఇది కాలిపోయింది. పదును చచ్చిపోయింది" అన్నాడు. బాగుచేసి ఇవ్వమంటే, ఒక్కదాని కోసం కొలిమి వెలిగించనన్నాడు. బొగ్గుల ధర గిట్టాలంటే కనీసం నాలుగు పనిముట్లు పోగవ్వాలట. అవి పోగవడానికి మూడు వారాలు పట్టింది. ఒకప్పుడు విత్తు కాలం వచ్చిందంటే ఆ చెట్టు కింద నిలబడడానికి చోటుండేది కాదట.

మూడో ఆదివారం నేను ఒక రాయి మీద కూర్చుని చూశాను. ఇనుము రంగు ఎండలో సరిగా తెలియదని పని సాయంత్రం మొదలుపెట్టాడు. తిత్తులు పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ, దాగలీ సమ్మెటా పట్టకారూ అన్నీ ఆయన తండ్రి నాటివే. కొడవలిని ఎర్రగా కాల్చి, మడతపడిన అంచును కొట్టి సాపు చేశాడు. మళ్లీ కాల్చి అంచు మాత్రం నీళ్లలో ముంచి తీశాడు, వెన్ను వైపు వేడిని అలాగే ఉంచాడు. వెంటనే ఒక పక్క ఇసుకరాయితో గబగబా రుద్ది తెల్లగా చేశాడు. "ఇప్పుడు రెప్ప వేయకుండా చూడు" అన్నాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచువైపు పాకుతోంది. ఆ తెల్లని చోట ముందు ఎండుగడ్డి రంగు తిరిగింది. అంతే, కొడవలి మొత్తం తొట్టిలో ముంచేశాడు. ఇంకొక్క క్షణం ఆగితే గోధుమరంగు, ఊదారంగు, ఆ తర్వాత నా కొడవలికి పట్టిన నీలం వచ్చేవట. ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే అంచు నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే లారీ కమాను పట్టీలా వంగడానికి పనికొస్తుంది తప్ప కోయడానికి పనికిరాదు. ఆయన కొత్త కొడవళ్లు చేసేదీ పాత లారీల కమాను పట్టీలతోనే.

గ్రైండరు దగ్గర జరిగిన పొరపాటు అప్పుడు అర్థమైంది. ఆ వేగానికి పుట్టిన వేడి అంచును నీలం దాటించేసింది. చేత్తో ఆకురాయి పట్టినా, నీళ్లు చల్లుకుంటూ సానరాయి మీద రుద్దినా అంత వేడి పుట్టదు. ఇప్పుడు నా కొడవలిని నేనే సానపట్టుకుంటున్నాను. మా వైపు పదును అనే మాట ఇనుముకే కాదు, నేలకూ వాడతాం. విత్తడానికి తగినంత వాన పడితే పదునైంది అంటాం. రెండింటికీ ఒకే మాట ఎందుకు పెట్టారో చిన్నప్పుడు తెలియలేదు, ఆ సాయంత్రం కొంచెం తెలిసినట్టనిపించింది.

పార కథ కూడా ఇలాంటిదే. కొన్న వారానికే కామ, అంటే దాని పిడికర్ర, వదులైంది. రాత్రంతా నీళ్లలో నానబెడితే పొద్దున బిగుసుకునేది, ఎండెక్కేసరికి మళ్లీ ఊగేది. అది పచ్చి కర్ర కామ, ఆరేకొద్దీ కుంచించుకుపోతుందని ఆచారిగారు చెప్పాడు. నీడన ఏడాదిపాటు ఆరిన తుమ్మకర్ర ఒకటి చూరులోంచి తీసి, నన్ను నిటారుగా నిలబడమని నేల నుంచి బొడ్డు దాకా కొలిచి కోశాడు. నా పిడికిలి పట్టేటట్టు చెక్కాడు. నేను పొట్టి మనిషినని పార మెడ మీద రెండు దెబ్బలు వేసి వంపు కాస్త మార్చాడు. అంతకుముందు ఒక గంట తవ్వితే రెండు రోజులు నడుము పట్టేసేది. ఇప్పుడు పట్టడం లేదు. దుకాణంలో దొరికే పారలన్నీ ఒక్క కొలతవే. ఆ కొలత ఏ మగవాడిదో గానీ, మా చేలో కలుపు తీసేది మాత్రం అందరూ ఆడవాళ్లే.

మంత్రిగారూ, మీ శాఖ ఏమీ చేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. రాగి పంటలో ఇండియా రకాలను, ఆఫ్రికా రకాలను కలిపి ఇండాఫ్ రకాలు తీసిన శాస్త్రవేత్త లక్ష్మణయ్యగారి రాష్ట్రమిది. హోబళికొక, అంటే తాలూకాలో కొన్ని ఊళ్లకు కలిపి ఒక, రైత సంపర్క కేంద్రం ఉంది. కృషి యంత్రధారె కింద ట్రాక్టర్లు, టిల్లర్లు అద్దెకు దొరుకుతున్నాయి. కానీ మామిడి చెట్ల కింద, గట్ల మీద, పెరట్లో ట్రాక్టరు తిరగదు. అక్కడ చేసేదంతా చేతిపనే, దానికి కావలసినవి చేతి పనిముట్లే. వాటికి ఏ పథకంలోనూ పెద్దపీట వేసినట్టు కనబడదు.

కేంద్రం 2023 సెప్టెంబరులో విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తుల్లో కమ్మరి పనీ ఉంది. పనిముట్ల కిట్టుకు 15,000 రూపాయలిస్తారు, శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యమిస్తారు. మంచిదే. అయితే మా ఆచారిగారికి సమ్మెట కొరత లేదు. ఆయనకు కావలసింది నాలుగో పనిముట్టు తెచ్చే మనిషి, పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రవాడు. ఆయన కొడుకు బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో లేత్ మిషను మీద పనిచేస్తున్నాడు. నెలజీతం వస్తోంది, తప్పుపట్టడానికేమీ లేదు.

నేను అడిగేది చిన్న పని. యంత్రాలు అద్దెకిచ్చే చోటే పక్కన ఒక గది చూపించి, దాన్ని చేతి పనిముట్లకు కేటాయించండి. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నట్టు తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. పొట్టివాళ్లకో పార, పొడుగువాళ్లకో పార ఉండాలి. గడ్డపారలు, తీగ బిగించే సాధనాలు, కొమ్మలు కోసే రంపాలు, అంటుకత్తులు ఉండాలి. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ తయారుచేసిన రెండు చక్రాల కలుపు దంతె, మొక్కజొన్న గింజలు ఒలిచే గొట్టం కూడా అక్కడ పెట్టండి. ఆ గొట్టం అరచేతిలో పట్టేంత చిన్నది, లోపల నాలుగు రెక్కలుంటాయి, కండెను దూర్చి తిప్పితే గింజలు రాలిపోతాయి. చూస్తే ఏ వెల్డింగ్ షాపులోనైనా చేయించుకోవచ్చనిపిస్తుంది. అలాంటిది మా ఊళ్లో ఒక్క ఇంట్లోనూ నాకు కనబడలేదు.

ఆ గదిలో ఆదివారం ఆదివారం పాఠం పెట్టించండి. పాఠం చెప్పేవాళ్లు వ్యవసాయ పట్టభద్రులే కానక్కర్లేదు. కొడవలికి ఆచారిగారు చాలు. మూల కూసానికి మా పక్క చేను రైతు చాలు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి పురుగు పట్టకుండా దాచడం మా ఊళ్లో కనీసం ముగ్గురు అవ్వలకు వచ్చు, నాకు రాదు. డ్రిప్పు ఫిల్టరు ఎన్నాళ్లకొకసారి కడగాలో, పైపుల చివర మూతలు తీసి మురికి ఎలా వదలాలో, మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటారు కాలిపోకుండా స్టార్టరులో ఏముండాలో బోర్ల మెకానిక్కు చెబుతాడు. వాళ్లకు శాలువా కప్పి పంపకండి, రోజుకూలి ఇవ్వండి. విశ్వకర్మలో నేర్చుకునేవాడికి రోజుకు 500 ఇస్తున్నప్పుడు నేర్పేవాడికి అంతకన్నా తక్కువ ఇవ్వడం బాగుండదు.

సెలవు రోజున చేనికెళ్లే బెంగళూరువాళ్ల సరదా కోసం ప్రభుత్వం ఖర్చు పెట్టాలా అని మీ అధికారులు అడుగుతారు. అడగాల్సిందే. మా దగ్గర రుసుము తీసుకోండి. శని, ఆదివారాల్లో మట్టిగోడ కట్టడం నేర్పుతామంటూ నగరం చుట్టుపక్కల నడిచే శిబిరాలకు మావాళ్లు వేలకు వేలు కడుతున్నారు, ఇక్కడా కడతారు. ఊళ్లోవాళ్లకు మాత్రం ఉచితంగా నేర్పించండి. అవసరం వాళ్లకే ఎక్కువ. పోయిన వర్షాకాలం మా చేలో కలుపు తీయడానికి వచ్చినవాళ్లలో ఒకామె కొడవలికి పిడి లేదు. చీరపేలిక చుట్టుకుని పనిచేస్తోంది. అరచేతిలో బొబ్బలు చితికి ఉన్నాయి. పిడి వేయించుకోలేదేమక్కా అంటే, "ఇప్పుడెవరు వేస్తారమ్మా, కొత్తది కొనాలి" అంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఆచారిగారు ఉన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కొలిమి ఎప్పుడు వెలుగుతుందో మాత్రం తెలియదు. దానికోసం కూలి మానుకుని రెండు మూడుసార్లు తిరిగే స్తోమత ఆమెకు లేదు.

ఏటా నవంబరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో కృషి మేళా జరుగుతుంది. డ్రోన్ల చుట్టూ జనం మూగుతారు, నేనూ మెడ సాచి చూసినదాన్నే. ఈసారి ఒక మూలన కొలిమి వెలిగించి ఎండుగడ్డి రంగు ఎక్కడ ఆగుతుందో చూపిస్తే, అక్కడా జనం తక్కువేమీ ఉండరు.

అంతదాకా ఆగనక్కర్లేదనుకుంటే మా ఊరికి రండి. బెంగళూరు నుంచి హైదరాబాదు రోడ్డు మీద వంద కిలోమీటర్లే. ఆ అక్క కొడవలికి పిడి వేయించాలి, నా గొడ్డలికి పదును పెట్టించాలి, పక్క చేను రైతు గడ్డపార మొన అరిగిపోయింది. మూడయ్యాయి. కొలిమి వెలగాలంటే ఇంకొకటి కావాలి. మీ ఇంట్లో మొద్దుబారింది ఏదైనా ఉంటే తీసుకురండి.

భవదీయురాలు,
బాగేపల్లి తాలూకాలో రెండెకరాల రైతు,
బెంగళూరు