ఆశా అక్కకి, ఎదురింటి మామ్మగారికి, ఆటో బాబాయికి

మా బాబు ఈ రోజు పెరుగన్నం అడిగి మరీ తిన్నాడు. ఇది రాయడానికి నాకు ఇప్పుడు ధైర్యం వచ్చింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్‌ని ముంచేసిన సంగతి అందరికీ తెలుసు. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కున్నాం, సంపు తోడించాం. హడావిడిలో క్లోరిన్ వేయడం మర్చిపోయాం. తాగడానికి క్యాన్లే కొన్నాం గానీ, గిన్నెలు కడిగింది, బాబు నోరు పుక్కిలించింది ఆ సంపు నీళ్లతోనే. మూడో రోజు అర్ధరాత్రి వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ల పిల్లాడు.

తెల్లారేసరికి కళ్లు గుంటలు పడ్డాయి. నోరు పిడచకట్టుకుపోయింది. ఏడుస్తున్నాడు, కన్నీళ్లు రావడం లేదు. ఆ టెన్షన్‌లో నేను ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసు నీళ్లలో కలిపేశాను. సరిగ్గా అప్పుడే ఇంటింటికీ తిరుగుతూ ఆశా అక్క వచ్చింది. గ్లాసు నా చేతిలోంచి తీసేసుకుంది. "ప్యాకెట్‌కి లీటరు నీళ్లమ్మా. ఇంత చిక్కగా పడితే ఉప్పు ఎక్కువై ఇంకా ప్రమాదం" అంది. మామ్మగారు కాచి చల్లార్చిన నీళ్లు బిందెతో తెచ్చారు. అక్క సీసాతో కొలిచి కలిపి, చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. వాడు కక్కేశాడు. నేను భయపడి ఆపేస్తే, "పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టు, ఇంకా మెల్లగా" అంది. ఆ మాట అనేవాళ్లు లేకపోతే నేను మళ్లీ పట్టేదాన్ని కాదు.

ఆటో బాబాయి బురదలోనే మెడికల్ క్యాంపుకి తీసుకెళ్లాడు. డబ్బులు తీసుకోలేదు. డాక్టరుగారు పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత మెల్లగా సర్దుకుంది. సెలైన్ పెట్టమని బతిమాలాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: విరేచనాలు అవుతున్నా పేగు చక్కెరనీ ఉప్పునీ కలిపి లోపలికి తీసుకుంటుందట, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయట, అందుకే వీడికి ఓఆర్‌ఎస్ నోటితో పడితే చాలట. నాలుగు గంటలు అక్కడే కూర్చోబెట్టి చెంచా చెంచాగా తాగించారు. మధ్యాహ్నం వాడు ఉచ్చ పోస్తే నేనూ అక్కా ఇద్దరం ఏడ్చేశాం.

జింక్ బిళ్లలు ఇంకా ఐదున్నాయి. విరేచనాలు తగ్గినా 14 రోజులూ ఆపొద్దన్నారు, వేస్తున్నాను. సంపులో క్లోరిన్ కూడా వేయించాం.

అక్కా, ఆదివారం భోజనానికి మా ఇంటికి రావాలి. మామ్మగారూ, బాబాయ్, మీరు కూడా. వాడు మీ ముగ్గురినీ అడుగుతున్నాడు.