ఆ కత్తులు వెనక్కి తీసుకుంటున్నాం, టార్చిల విషయంలో ఒక తప్పు ఒప్పుకోవాలి

మా అంగడికి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ప్రొద్దుటూరు నుంచి ఒక అబ్బాయి వచ్చి, బల్లమీద ఒక కత్తి పెట్టి నిలబడ్డాడు. సంక్రాంతికి ముందు మా దగ్గరే కొన్నది. అలుగు నిండా గోధుమరంగు చుక్కలు. "గండికోటలో రాత్రి చీనీకాయలు కోసి, తుడవకుండా తోలు ఒరలో పెట్టానక్కా. పొద్దున తీసి చూస్తే ఇలా ఉంది. నాదే తప్పేమో" అన్నాడు. తప్పు తన మీద వేసుకున్నాడు చూడండి, నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే అమ్మేటప్పుడు "ఇది తుప్పు పట్టదు నాయనా" అని చెప్పింది నేను. నాకు ఆ మాట చెప్పింది ఒక వీడియో.

కడపలో మా అంగడి నాన్న కాలం నాటిది. కొడవళ్లు, పారలు, పలుగులు, మోకులు, బొక్కెనలు అమ్మేవారు. గండికోటలో టెంట్లు వేసుకుని పెన్నా లోయ అంచున రాత్రి గడిపేవారు పెరిగాక, నేను ఒక గోడకు టార్చిలు, వీపు సంచులు, టెంట్లు, కత్తులు వేలాడదీశాను. కొడవలి గురించి నాన్నకు తెలిసినంతలో పదో వంతు కూడా ఈ గోడ గురించి నాకు తెలియదు. ఆ లోటును వీడియోలు చూసి పూడ్చుకున్నాను. ఒకాయన 14 నిమిషాలు ఈ కత్తిని పొగిడితే మూడుసార్లు చూసి, 24 తెప్పించాను. 17 అమ్ముడుపోయాయి.

ఆ అబ్బాయి వెళ్లాక అదే వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను, ఈసారి కత్తిని కాకుండా ఆయనను. మొదటి నిమిషంలో పెట్టె విప్పారు. చివరి నిమిషంలో "కళ్లు మూసుకుని కొనండి" అన్నారు. రెండు చోట్లా ఒంటి మీద అదే చొక్కా, వెనక గోడ మీద కిటికీ నీడ బెత్తెడు కూడా జరగలేదు. అంటే ఆ కత్తితో ఆయన పరిచయం గంటో, గంటన్నరో. ఆ గంటలో కాగితం కోశారు, టమాటా కోశారు, చేతి మీది వెంట్రుకలు గీశారు. కొత్త కత్తి ఏదైనా ఈ మూడూ చేస్తుంది. కాగితం తెగడం ఫ్యాక్టరీలో పెట్టిన పదునుకు సాక్ష్యం, స్టీలుకు కాదు. ఆ పదును ఎన్నాళ్లుంటుంది, పోతే మళ్లీ పెట్టడం ఎంత కష్టం, పులుపు తగిలితే ఏమవుతుంది అన్నవి నెల రోజులు వాడితే తప్ప తెలియవు. వీడియో చివర్లో కూడా అలుగు అద్దంలా మెరుస్తూనే ఉంది. ఒక్క గీత లేదు. అది చూసి నేను ఆగి ఉండాల్సింది.

కత్తి మీద డీ2 అని రాసి ఉంది. ఆయన దాన్ని స్టెయిన్‌లెస్ అన్నారు. డీ2 నిజానికి అచ్చులు, కోత పనిముట్లు చేయడానికి వాడే స్టీలు. అందులో క్రోమియం సుమారు 12 శాతం ఉంటుంది కాబట్టి వినడానికి స్టెయిన్‌లెస్‌కు దగ్గరగానే ఉంటుంది. కానీ కార్బన్ కూడా ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంలో కొంత భాగాన్ని తనతో కట్టేసుకుంటుంది. తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే తెలిసినవారు దాన్ని సగం స్టెయిన్‌లెస్ అంటారు. చీనీ రసం, తోలు ఒరలో నిలిచిన చెమ్మ, ఒక రాత్రి చాలు. డీ2 చెడ్డ స్టీలని అనడం లేదు. పదును బాగా నిలుపుకుంటుంది. బదులుగా తుడిచి, చుక్క నూనె రాయమని అడుగుతుంది, బండకు తగిలితే అంచు పెళ్లు లేస్తుంది. గండికోటవి క్వార్ట్‌జైట్ బండలు, ఆ రాయి కత్తి స్టీలు కన్నా గట్టిది. మీలో సగం మంది చెట్టు కొమ్మను బండమీద పెట్టే కొడతారని నాకు తెలుసు, అంచులు చూస్తే కనిపిస్తుంది.

అసలు అది డీ2 అవునా కాదా అన్నది ఇంకో ప్రశ్న. కళ్లతో చూసి ఎవరూ చెప్పలేరు. తెలిసినవారి ద్వారా ఒక కళాశాల ప్రయోగశాలలో గట్టిదనం కొలిపించాను. పెట్టె మీద రాక్‌వెల్ సి కొలతలో 60 అని ఉంటే, యంత్రం 54 చూపింది. ఈ స్టీలుకు అది మెత్తదనమే. తర్వాత ఒకదాని పిడి విప్పి చూశాం. అలుగు వెనక నుంచి పిడి చివరి దాకా పోవలసిన ఇనుము రెండు వేళ్ల పొడవున ఆగిపోయింది, మిగతాదంతా ప్లాస్టిక్. వీడియోలో ఆయన పిడి మీద తట్టి "ఎంత గట్టిగా ఉందో వినండి" అన్నారు. విన్నాను మరి.

గురువారాల్లో మా వీధికి కాలితో తొక్కే సాన బండితో ఒక తాత వస్తారు. నాన్న వయసువారు. ఆయన దగ్గరికి ఈ కత్తితో పాటు నాన్న వాడిన మచ్చుకత్తి కూడా పట్టుకెళ్లాను. అది లారీ పట్టీతో మన కమ్మరి చేసినది. ముందు దాన్ని చక్రానికి ఆనించారు. తెల్లటి రవ్వలు పొడవుగా లేచి, ఒక్కొక్కటి కొసన పగిలి కొమ్మలేసింది, కాకరపువ్వొత్తిలా. తర్వాత కొత్తది ఆనించారు. ఎర్రగా, పొట్టిగా నాలుగు రవ్వలు రాలి ఆరిపోయాయి. క్రోమియం ఎక్కువున్న స్టీలుకు రవ్వ అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. రవ్వను బట్టి స్టీలు జాతి తెలుస్తుంది కానీ పేరు తెలియదని తాతే చెప్పారు. అయితే అంచును బొటనవేలితో అడ్డంగా తడిమి, "దీన్ని ఎవరు మెచ్చుకున్నారమ్మా?" అని అడిగారు. ఫోనులో చూపించాను. కాసేపు చూసి, "ఆయన చేతికి కాయలున్నాయేమో చూడు" అన్నారు. ఆపి, పెద్దది చేసి చూశాను. లేవు. మంచి గడియారం ఉంది.

అప్పటి నుంచి నేను రివ్యూలు చూసే పద్ధతి మారింది. ముందుగా చేతులు, తర్వాత వస్తువు మీద మచ్చలు. వీపు సంచి గురించి చెబుతుంటే దాని భుజం పట్టీ దగ్గర చెమట ఉప్పు తెల్లగా కట్టిందా? బూటు గురించి చెబుతుంటే మడమ ఒకవైపు అరిగిందా? బెంగళూరు నుంచి ఒకామె కొండలెక్కే బూట్ల గురించి చెబుతారు. ఒక జతను మెచ్చుకున్న ఏడాది తర్వాత, ఎండకు అట్ట ఊడిపోయిన అదే జతను చేతిలో పట్టుకుని వచ్చి, "అప్పుడు చెప్పినది వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. కొనే లింకు కూడా తీసేశారు. మనం ఆ లింకు నొక్కి కొంటే చెప్పినవారికి కమీషన్ వెళుతుంది, దాని మీదే చాలామందికి బతుకు, అందులో తప్పేమీ లేదు. కానీ తన కమీషన్ తనే పోగొట్టుకున్న మనిషి మాటకు నా దగ్గర వేరే ధర. ఆమె ఏ వస్తువు గురించి చెప్పినా, ఇది ఎవరికి పనికిరాదో కూడా చెబుతారు. మన కడప ఎండకు ఆ సూచన ఎక్కువ ఉపయోగం.

తిట్టేవారందరూ నిజాయితీపరులని కూడా అనుకోకండి. కత్తిని ఇనుప కడ్డీ మీద పెట్టి సుత్తితో బాది, విరిగాక "చూశారా" అనేవారున్నారు. చూడటానికి బాగుంటుంది. పలుగు చేసే పనికి మా దగ్గర పలుగే ఉంది.

ఇప్పుడు టార్చిల సంగతి. ఇది రాయడానికి మూడు రోజులు ఆగాను.

రెండేళ్ల కిందట మా టార్చి ఒకటి బాగా అమ్ముడుపోయింది, మీలో చాలామంది ఇళ్లలో ఉంది. ఒక కుర్రాడు మా అంగడి పేరు చెప్పి దాన్ని పొగుడుతూ చేసిన వీడియో చూసి కొన్నవారే ఎక్కువ. ఆ కుర్రాడికి ఆ టార్చితో పాటు ఇంకొకటి నేను ఊరికే ఇచ్చాను. డబ్బు ఇవ్వలేదు, పొగడమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కదా, ఉప్పు తిన్నవారు తిన్నింటి వాసాలు లెక్కపెట్టరు. ఉచితంగా ఇచ్చానన్న ముక్క ఆ వీడియోలో లేదు, నేను చెప్పమనీ అడగలేదు.

అది మర్యాద తప్పడం మాత్రమే కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2022 జూన్ 9న తప్పుదారి పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 జనవరిలో వీడియోలు, పోస్టులు చేసేవారి కోసం విడిగా సూచనలు వచ్చాయి. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు ఉన్నా బయటపెట్టాలి. వీడియో అయితే కింద రాస్తే చాలదు, వీడియోలోనే కనిపించాలి, వినిపించాలి. ఏ భాషలో పొగిడారో ఆ భాషలోనే చెప్పాలి. తెలుగులో ఊదరగొట్టి, మూలన చీమతలంత ఇంగ్లీషు అక్షరాలు పెట్టడం కుదరదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు జరిమానా మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉండవచ్చు. ఇది చదివాక నాకు ఆ కుర్రాడి కన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. అతనికి ఫోను చేసి విషయం చెప్పాను. వీడియో తీసేశాడు.

ఆ టార్చి పెట్టె మీద 10,000 ల్యూమెన్లు అని ఉంటుంది, ల్యూమెన్ అంటే వెలుగు కొలత. నమ్మకండి. లోపలి సెల్ మీద, అందులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలతలో 9,900 ఎంఏహెచ్ అని ఉంటుంది, అదీ నమ్మకండి. 18650 అనే ఆ సెల్ పేరులోనే కొలత ఉంది, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అంత చోటులో పేరున్న కంపెనీలు కూడా సుమారు 3,500 దాకానే పట్టించగలుగుతున్నాయి. మన పేరులేని కంపెనీ దానికి మూడింతలు పట్టించిందంటే శేరు గిన్నెలో మూడు శేర్లు పోసినట్టే. ఇది చెప్పని టార్చి రివ్యూ మిగతా ఏం చెప్పినా వినక్కర్లేదు.

వెలుగు కొలవడానికి అమెరికాలో 2009 నుంచి ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఉంది. మంచి తయారీదార్లు దాన్నే పాటిస్తారు. వెలిగించిన క్షణంలో కాదు, 30 సెకన్ల తర్వాత, రెండు నిమిషాల లోపు కొలవాలి. ఎందుకంటే చవక టార్చి మొదటి పది సెకన్లు సూర్యుడిలా వెలిగి, వేడెక్కి, దీపమైపోతుంది. 200 మీటర్ల దూరం అని రాస్తే అంత దూరాన పున్నమి వెన్నెలంత వెలుగు పడుతుందని అర్థం, పుస్తకం చదువుకోవచ్చని కాదు. ఎన్ని గంటలు వెలుగుతుందన్నది మొదటి వెలుగులో పదో వంతుకు దిగేదాకా లెక్క. ఇక కెమెరా మాట. ఫోను కెమెరా చీకటిని దానంతట అదే వెలుగు చేసుకుంటుంది. మనకు తెలిసిన ఒక టార్చిని పక్కన పెట్టి, కెమెరా సెట్టింగు మార్చకుండా రెండింటినీ ఒకే గోడ మీద వేసి చూపేవారిని మాత్రం చూడండి.

హిమాలయాలకు వెళ్లేవారికి ఒక చిన్న మాట. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలుంటాయి. వీడియోల్లో అన్నింటికన్నా తక్కువది చదివి వినిపిస్తారు. మూడున్నచోట అది ప్రాణం నిలుపుకునే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. 'కంఫర్ట్' అని ఉన్న అంకె చూసి కొనండి.

ఇంకోటి, ఇది మన ఊరివాళ్లకే. ఇతర దేశాల వీడియోల్లో అడవిలోకి వెళ్లి కత్తితో దుంగలు చీల్చి మంట వేస్తారు. అవి చూసి మన కుర్రాళ్లు లంకమల వైపు బయలుదేరుతున్నారు. లంకమల్లేశ్వరం అభయారణ్యం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించింది ఆ ప్రాంతంలోనే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు, ఆ చట్టం ఆయుధమన్న మాటలో కత్తిని కూడా చేర్చింది. పైగా అవి ఎర్రచందనం కొండలు. నడుముకు కత్తి, వీపున సంచి, సంచిలో తాడు పెట్టుకుని అక్కడ తిరిగితే, మీరు వీడియో కోసం వచ్చారని అటవీ సిబ్బందికి నచ్చజెప్పడం మీ తరం కాదు. అక్కడ మంట పెట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆ 17 కత్తులు కొన్నవారు తెచ్చి ఇచ్చేయండి. తుప్పు పట్టినా, పిడి ఊడినా, బిల్లు లేకపోయినా పూర్తి డబ్బు ఇస్తాం. ఇప్పటికి ఆరు వచ్చాయి. అమ్ముడుపోకుండా అంగడిలో మిగిలిన ఏడు ఇక అమ్మడం లేదు. టార్చి మీకు నచ్చి వాడుకుంటుంటే ఉంచుకోండి, అది చెడ్డది కాదు, పెట్టె మీది అంకె అబద్ధం, అంతే. మోసపోయామనిపిస్తే దానికీ డబ్బు తిరిగి ఇస్తాం. ఇకమీదట ఆ గోడ మీది ప్రతి వస్తువు కింద ఒక అట్టముక్క ఉంటుంది. ఎవరు ఎన్నాళ్లు వాడారు, కొన్నదా ఊరికే వచ్చినదా, ఏం పాడయింది అని రాస్తాం. చాలావాటి మీద "మేం ఇంకా వాడలేదు" అనే ఉంటుంది. అవి రాసేది కూడా అమ్ముకునే మనిషేనని గుర్తుంచుకుని చదవండి.

సాన తాత గురువారం పదింటికల్లా మా అంగడి ముందుంటారు, మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు వెళ్లిపోతారు. పదును పెట్టించుకునేవి ఏవైనా ఉంటే తీసుకురండి. కత్తికి 20 రూపాయలు, చిల్లర తెచ్చుకోండి. ఫోనులో పంపిస్తామంటే ఆయన ఒప్పుకోరు.